జంటగా ఇచ్చే భీమశంకర్

పర్సుడీహ్ సంతలో కసాయి చేతిలోంచి రెండు కుందేళ్లను కాపాడి తెచ్చానని ఇంజనీరు భీమశంకర్ తానుండే బారిడీహ్ కాలనీ అంతా చాటుకున్నాడు. ఒకటి మగ, ఒకటి ఆడ అని తెలిసినా వేరుచేయలేదు. దంపతులను విడదీస్తే పాపమట. ఇంకేముంది, ఈత మీద ఈత, ఇల్లంతా పిల్లలే. వాటిని పంచడం ఆయనకో పెళ్లి తంతు. సఫారీ ప్యాంటుకంటిన బొచ్చు దులుపుకుంటూ, కూర వండుకోబోమని అవతలివాళ్ల చేత ఒట్టు వేయించుకుంటాడు. ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటాయని ఆడా మగా చూసి మరీ జంటగా ఇస్తాడు.

మొన్న ఆదివారం, అలా జంటను తీసుకెళ్లిన బాగ్‌బేరా రైల్వే ఖలాసీ పోలరాజు ఒక బుట్ట తెచ్చి వరండాలో దించాడు. “బాబూ, మీరిచ్చిన జంట పిల్లల్ని పెట్టీసినాది. క్వార్టరు నిండిపోనాది. ఈటినేటి సెయ్యమంటారు?”

భీమశంకర్ మొహం వెలిగిపోయింది. “లీలా, వియ్యాలవారొచ్చారే!” అని భార్యకు కేకేసి, బుట్ట ముందు చతికిలబడి జతలు కట్టసాగాడు.

లోపల కూర తరుగుతున్న లీల తలెత్తలేదు. “మిమ్మల్నీ ఆ బుట్టలోనే పెట్టి పంపించేస్తాను. జంటగా మాత్రం కాదు.”