జోఖుమి గడప ఎక్కిన పరాయివాడు

మిజో కొండల అంచున, తియావ్ నది రేవులో పడవ నడుపుకొని జీవించే జోఖుమికి తుపాకులంటే ఎంత అసహ్యమో ఊరందరికీ తెలుసు. అవతల బర్మా గట్టు నుంచి తిరుగుబాటుదారుల ఆయుధాలను దొంగచాటుగా చేరవేసే ముఠా ఒకసారి ఆమె పడవను అడిగింది. "మీ పెట్టెలెక్కితే నా పడవ మునుగుతుంది. ఈదుకుంటూ పొండి," అని ఆమె తెడ్డు ఎత్తింది. ఆ కోపంతో వారు ఆమె పందిని కోసుకొని తిన్నారు.

ఆ ముఠాయే ఒక వేకువన నది దాటబోయి సైనిక గస్తీకి ఎదురుపడింది. కాల్పులు ఆగేసరికి మిగిలినవారు అవతలి గట్టుకు పారిపోగా, ఒక యువకుడు మాత్రం ఇసుకలో ప్రాణం విడిచి పడి ఉన్నాడు. పోలీసులు వచ్చి, చూడవలసినది చూసి వెళ్లారు. తమవాడని ఎవరూ ముందుకు రాకపోతే రేవు పక్కనే గొయ్యి తీసి పూడ్చివేయమని గస్తీ కెప్టెన్ ఆజ్ఞాపించాడు.

ఆ ఊళ్లో శవం ముందుగా ఏదో ఒక గడప ఎక్కాలి. ఆ ఇల్లే చావిల్లు; అది ఏదో తేలిన తరువాతనే కుర్రవాళ్లు పారలు పట్టి సమాధి త్రవ్వుతారు, ఆడవారు బియ్యం తెస్తారు, ఊరు పనులు మాని డోలు కొడుతూ చావుపాటలు పాడుతుంది. కాని గడప ఇచ్చినవారిని ముఠా మనుషులుగా లెక్కగడతారని అందరికీ భయం. అందుచేత రేవులో గుమిగూడినవారిలో ఎవరూ తల ఎత్తలేదు.

"మా ఇంటికి మోసుకురండి," అన్నది జోఖుమి.

సంఘపెద్ద కప్థంగా ఆమె శాలువ పట్టి లాగాడు. "మతి పోయిందా అక్కా? నీ పందిని తిన్నవాళ్లే కదా వీళ్లు."

"తిన్నారు. వీడు లేస్తే చెంప పగలగొడతా. లేవడుగా, ఏం చెయ్యను?"

కెప్టెన్ అడ్డం వచ్చాడు. "వీడు నీకేమవుతాడు?"

"ఏమీ కాడు. పేరు కూడా తెలీదు."

"తీసుకెళ్తే నిన్ను విచారణకి జీపెక్కించాల్సి వస్తుంది. ఆలోచించుకో."

"ఆలోచించేదేముంది నాయనా? పూడ్చిపెట్టాక వస్తా. అందాకా చావిల్లు వదిలి కదలకూడదు. నువ్వూ వచ్చి కూర్చో, టీ ఇస్తా. బూట్లు మాత్రం బయట విప్పు."

గుంపులో ఎవరో నవ్వు ఆపుకొన్నారు. కప్థంగా గొణుగుతూనే వంగి, శవం భుజాల క్రింద చేతులు వేశాడు. కుర్రవాళ్లు పారల కోసం పరుగెత్తారు. మధ్యాహ్నమంతా జోఖుమి ఇంట డోలు మ్రోగింది. కెప్టెన్ బూట్లు విప్పలేదు, లోపలికీ రాలేదు.

సాయంత్రం సమాధిపై మట్టి కప్పి, చేతులు కడుగుకొని, జోఖుమి తానే జీపు దగ్గరకు నడిచింది. "ఆ తుపాకీ కాస్త జరుపు బాబూ," అని సిపాయిని కదిలించి కూర్చున్నది.

కప్థంగా ఆమె వెనుకనే ఎక్కాడు. "మోసింది నేను. జరుగు అక్కా."

"తవ్వింది మేము," అంటూ కుర్రవాళ్లు పారలతో సహా ఎక్కసాగారు. బియ్యం తెచ్చిన ఆడవారు కొంగులు బిగించి వరుసలో నిలబడ్డారు.

"దిగండి," అన్నాడు కెప్టెన్.

ఎవరూ దిగలేదు.