పొట్టకు కుట్టిన చెయ్యి

మా ఆయన ఎడమ చెయ్యి ఇరవై ఆరు రోజుల పాటు ఆయన పొట్టకే కుట్టేసి ఉంది. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నన్ను ఆటపట్టిస్తారు. పట్టిస్తే పట్టించనీ. ఆ ఇరవై ఆరు రోజులూ మంచం పక్కన కూర్చున్నది నేను, వాళ్లు కాదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. మాకు పెళ్లయి రెండేళ్లు. ఆయన మాచర్ల దగ్గర నాపరాళ్ల క్వారీలో రాయి కొట్టేవాడు. ఎడమ చేత్తో ఉలి పట్టాలి, కుడి చేత్తో సుత్తి వెయ్యాలి. సుత్తి ఎవడైనా వేస్తాడు, రాయి ఎక్కడ పగలాలో తెలిసేది ఉలి పట్టిన చేతికే అని గొప్పలు పోయేవాడు. ఒకరోజు లారీకి ఎత్తుతున్న బండ జారి ఆ ఎడమ చేతి మీదుగా గీసుకుంటూ పోయింది. ఎముకలు విరగలేదు. మణికట్టు నుంచి వేళ్ల మొదళ్ల దాకా, వెనకవైపు తోలు మొత్తం ఊడిపోయింది. లోపలి నరాలు తెల్లగా పురికొసల్లా కనపడుతున్నాయి. అదే లారీలో, దించని బండల మీదే పడుకోబెట్టి నరసరావుపేట ఆసుపత్రికి తీసుకొచ్చారు.

అక్కడి డాక్టరు మిలిటరీ నుంచి అప్పుడే తిరిగొచ్చినవాడు. మాట కరుకు. నరాల మీద తోలు లేకపోతే ఎండిపోతాయి, చెయ్యి ముడుచుకుపోతుంది, ఇక ఉలి సంగతి మర్చిపొమ్మన్నాడు. దానికి డాక్టరే ఒక ఉపాయం చెప్పాడు. పొట్ట మీది తోలును మూడు వైపులా కోసి పైకి లేపుతాడట. దాన్ని గాయం మీద పరిచి కుడతాడట. నాలుగో వైపు కొయ్యడు, పొట్టనే పట్టుకుని ఉంటుంది, తోలుకు రక్తం అక్కడి నుంచే అందుతుంది. ఈలోగా చేతిలోంచి సన్నని కొత్త రక్తనాళాలు మొలిచి ఆ తోలులోకి పాకుతాయి. అవి బాగా పెరిగాక పొట్ట నుంచి తెంపేస్తాడు.

"అంతకంటే చెయ్యి తీసెయ్యమను," అన్నాడు మా ఆయన గోడవైపు తిరిగి.

ఒప్పించింది మా నాన్న. మాది మాచవరం వైపు. నాన్నకు ఇంటి వెనక పది మామిడి చెట్లుండేవి, అంటు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. డాక్టరు మాట విని ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇది అంటు కట్టటమేనయ్యా అల్లుడూ! పిల్ల మొక్కను కుండతో సహా తల్లి చెట్టు కాడికి తీసకపోయి, రెంటికీ బెరడు చెక్కి కలిపి కడతాం గదా. అతుక్కునే దాకా కొమ్మకు తల్లి చెట్టే పాలిచ్చుద్ది. అతుక్కున్నాక తల్లి వైపు కోత్తాం. నీకూ అంతే. ఏందిరా నీ భయం?"

మా ఆయన ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేశాడు.

మొదటి వారం నరకమే. చెయ్యి కదలకుండా ఒంటి చుట్టూ పట్టీలు బిగించారు. ఆయనకు తుమ్మొస్తే కుట్లు తెగుతాయేమోనని నేను ముక్కు పట్టుకునేదాన్ని. కుడి చెయ్యి ఖాళీయే అయినా అన్నం నన్నే కలిపి పెట్టమనేవాడు. ఎడమ చేత్తో చేసుకోవలసిన పని ఎటూ నా పాలే అయింది, సిగ్గు రెండు రోజుల్లోనే పోయింది. వార్డులో ఉన్నవాళ్లు వంతులేసుకుని చూసిపోయేవాళ్లు. ఒక ముసలమ్మ అయితే, "ఏమే, తిన్న అన్నం అటునుంచి అటే చేతిలోకి పోద్దా?" అని అడిగింది. నిద్ర లేని మనిషిని, నేనేమన్నానో ఇప్పుడు చెప్పను.

పద్నాలుగో రోజున డాక్టరు పరీక్ష పెట్టాడు. పొట్టకూ చేతికీ మధ్యనున్న తోలు మెడకు మెత్తటి రబ్బరు గొట్టం చుట్టి బిగించాడు, పొట్టవైపు నుంచి రక్తం రాకుండా. చేతి మీది తోలు సున్నం కొట్టినట్టు పాలిపోయింది. వెంటనే విప్పేశాడు. ఇంకా నాళాలు రాలేదన్నాడు. తోలు చచ్చిపోతే చెయ్యీ పోయినట్టే, పొట్ట మీద పుండు అదనం. ఆ సంగతి నాన్నకు కబురు పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

ఇరవయ్యో రోజున డాక్టరు, రేపు కోసేస్తానన్నాడు. ఆ పొద్దున్నే నాన్న బొగ్గుతో నడిచే బస్సు దిగి, అరటిపళ్ల అత్తంతో వచ్చాడు. వచ్చీ రాగానే అడ్డం తిరిగాడు.

"రెండున్నర నెలలు లేనిదే నేను మామిడంటు కొయ్యను. చెట్టుకే అంత పడితే మనిషికి ఇరవై రోజులా? మొన్ననే గదా తెల్లబడింది! ఆరు రోజుల్లో ఏం మొలిచినయ్యంట? ఇప్పుడు కోత్తే ఎండిపోద్ది. అల్లుడూ, నువ్వు ఒప్పుకోబాక."

మా ఆయన నాన్న పక్షమే చేరాడు. ఒప్పించిన మనిషే వద్దంటే ఇంకెవరి మాట వింటాడు? డాక్టరుకు కోపమొచ్చింది. ఇంకో నెల ఇలాగే ఉంచితే తోలు బతుకుతుంది గానీ మోచెయ్యి, భుజం బిగుసుకుపోతాయి, అప్పుడు బతికిన తోలును చూసుకుంటూ కూర్చోండి అన్నాడు. నాకు ఇద్దరి మీదా మండింది. ఇద్దరూ పని తెలిసినవాళ్లే, ఇద్దరిదీ మొండితనమే, మధ్యన ఉన్నది నా మొగుడి చెయ్యి.

"మీరిద్దరూ అరుచుకుంటే నాళాలు మొలుస్తయ్యా?" అన్నాను గట్టిగా. "ఆ గొట్టం మళ్లీ కట్టండి. అందరం చూద్దాం."

డాక్టరు నావైపు ఒకసారి చూసి, నర్సమ్మను గొట్టం తెమ్మన్నాడు. నాన్నను సబ్బుతో చేతులు కడుక్కుని రమ్మన్నాడు. గొట్టం బిగించి గడియారం చూస్తూ నిలబడ్డాడు. తోలు కాస్త పాలిపోయింది. అంతలోనే వేళ్ల మొదళ్ల వైపు నుంచి మెల్లగా రంగు తిరగడం మొదలైంది. పొట్టవైపు దారి మూసే ఉంది.

"బొటనవేలితో నొక్కి వదులు," అన్నాడు డాక్టరు నాన్నతో.

మామిడి సొన మరకలు సబ్బుకు కూడా పోని వేలు అది. నొక్కాడు. అక్కడ తెల్లబడింది. వేలు తీశాడు. ఎర్రదనం తిరిగొచ్చింది. మూడు చోట్ల నొక్కి చూశాడు.

"నెత్తురు చేతిలోంచే వత్తాంది," అన్నాడు మెల్లగా. తరవాత గొంతు సవరించుకుని, "అయినా డాక్టరు గారూ, ఒక్కసారే తెంపబాకండి. నేనైతే సగం కోసి నాలుగు రోజులు ఆగుతా. ఆ సగం ఓర్చుకుంటే మిగతాది."

డాక్టరు గొట్టం విప్పాడు. అనుమానం ఉన్నచోట తామూ అలాగే చేస్తామన్నాడు. అలాగే మర్నాడు సగం, ఇంకో అయిదు రోజులకు మిగతా సగం కోశాడు. ఒక మూల చింతగింజంత నల్లబడి రాలిపోయింది. మిగిలిందంతా బతికింది.

బతికింది గానీ వేళ్లు వంగడానికి ఎనిమిది నెలలు పట్టింది. వేడినీళ్లలో ముంచి, నూనె రాసి, రోజూ వంచేదాన్ని, ఆయన తిట్టేవాడు. మళ్లీ ఉలి పట్టాడు. పొట్ట తోలు కదా, మనిషి ఒళ్లు చేసినప్పుడల్లా అదీ ఉబ్బేది, చేతికి బొజ్జ వచ్చిందని క్వారీలో ఎగతాళి చేసేవాళ్లు. దాన్ని ఆయన కూడా నవ్వుతూనే పడేవాడు. ఆయనను బాధపెట్టింది వేరే. ఆ తోలుకు స్పర్శ లేదు. బీడీ నిప్పు రాలి బొబ్బ లేచినా, కంటితో చూస్తే తప్ప తెలియలేదు. "అది నాది కాదే, ఎవరిదో తెచ్చి తగిలిచ్చినట్టుంది," అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

నాకు మాత్రం ఒక అలవాటు ఉండిపోయింది. రోజూ ఒకసారి ఆ తోలును బొటనవేలితో నొక్కి, రంగు తిరిగొస్తుందో లేదో చూసేదాన్ని. ఎవరూ చెయ్యమనలేదు. ఆయనకు తెలిసేది కూడా కాదు.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం క్వారీకి సద్ది తీసుకెళ్లాను. ఆయన అన్నం కలుపుతూ, అటు తిరిగి పక్కవాళ్లతో ఏదో మాట్లాడుతున్నాడు. ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది. అలవాటు కొద్దీ నొక్కాను.

"ఏందే, ఊరికే నొక్కుతావు?" అన్నాడు, ఇటు తిరక్కుండానే.

నేను వేలు తియ్యలేదు. ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. ఇటు తిరిగి నా వేలును చూశాడు. కలిపిన అన్నం అలాగే వదిలేసి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"మళ్లీ నొక్కు," అన్నాడు.