కంప పీకిన చేతులు

ధూళికణం కంటే చిన్న అయస్కాంతాల మీద నేను పరిశోధన చేస్తున్నాను. వాటిలో అయస్కాంతత్వం సుడిలా తిరుగుతుంది. అయస్కాంతపు లోహపు పొర గరుకుగా ఉంటే ఆ సుడి కదలక అక్కడే ఇరుక్కుంటుంది.

సెలవులకు రాచర్ల దగ్గరి మా ఊరెళ్లాను. ఒక ఉదయం కుక్కలు మా గొర్రెల దొడ్లో దూరి రెండింటి గొంతులు చీల్చాయి. నాయన కట్టె పట్టుకుని లోపలికి దూకాడు. బెదిరిపోయి గుండ్రంగా పరుగెడుతున్న మంద, కంచెలోంచి లోపలికి పొడుచుకొచ్చిన తుమ్మకంప దగ్గర ఇరుక్కుని, నాయనను పడదోసి తొక్కేస్తోంది.

"లోపలికి రావాకు పాపా, తొక్కి సంపుతాయి!" అని అరిచాడు.

నాకు ల్యాబులో చూసే సుడే కళ్లముందు కనబడింది. బయటినుంచి ఒట్టి చేతులతో ఆ కంపను పీకేశాను. మంద నాయనను వదిలి మళ్లీ గుండ్రంగా కదిలింది. నాయన నెత్తురోడుతూ లేచి ఒక కుక్క తల పగలగొట్టాడు.

లోహపు పొరను అంత నునుపుగా ఎందుకు చేస్తావని ల్యాబులో ఎవరైనా అడిగితే, ముళ్లు చీల్చిన నా అరచేతులు చూపిస్తాను.