ముప్పై రెండు గీతలకో పట్టీ

మొన్న ఆదివారం మా అమ్మాయి కొత్త టీవీ తెచ్చి గోడకు బిగించి, రిమోట్ నా చేతికిచ్చి, "బాపూ, లెక్కలు నీ డిపార్ట్‌మెంటు. ఏ రిజల్యూషన్ పెట్టాల్నో జర జల్దీ చెప్పు" అంది. తెర మీద నాలుగు నంబర్లున్నాయి. ఒక్కొక్కటే మార్చి చూశాను. దాచడమెందుకు, నాలుగూ నా కంటికి ఒకేలా ఉన్నాయి. అద్దాలు ఎక్కడో పెట్టి మరిచానని చెప్పి, అట్టపెట్టె మీద రాసిన నంబరు అమ్మాయితోనే చదివించి, అదే పెట్టమన్నాను. "చూడకుండనే చెప్పినవ్ గదా!" అని అది నవ్వింది. ఆ నవ్వుతో మా మేనమామ గుర్తొచ్చాడు.

పది పన్నెండేళ్ళ కిందటి సంగతి. డబ్బా టీవీలు పోయి గోడకు తగిలించే పలుచటి టీవీలు కొత్తగా వస్తున్న రోజులు. సూరత్ లింబాయత్‌లో సేఠ్ మగ్గాల షెడ్డులో మామ నేసేవాడు, నేను పిక్కులు లెక్కపెట్టేవాణ్ణి. పిక్కంటే అడ్డంగా పడే పేక పోగు. అంగుళం కిటికీ ఉన్న చిన్న భూతద్దాన్ని బట్ట మీద ఆనించి, దాని ముల్లును ఒక్కో పోగు మీదుగా జరుపుతూ అంగుళానికి ఎన్ని పడ్డాయో చెప్పాలి. ఊళ్ళో పని లేక తిరుగుతున్న నన్ను అక్కడికి తెచ్చి ఆ అద్దం పట్టడం నేర్పింది మామే.

ఆ ఏడు సేఠ్ పైన ఆఫీసులో ముప్పై రెండు అంగుళాల టీవీ పెట్టించాడు. శాంపిల్ గుడ్డను స్కాన్ చేసి, పోగు పోగూ కనిపించేంత పెద్దగా వ్యాపారులకు చూపించాలని ఆయన ముచ్చట. కంప్యూటర్‌ను టీవీకి కలిపిన గుమాస్తా, అన్నిటికన్నా పెద్ద నంబరని వెయ్యిన్నీ ఎనభై గీతల సెట్టింగు పెట్టాడు. మొదటగా ఎక్కింది మామ నేసిన గుడ్డే. ఒక పేక నీలం, ఒక పేక తెలుపు, దూరం నుంచి చూస్తే లేత ఆకాశపు రంగు. నాలుగు గంటలకు బయటి ఊరి వ్యాపారి వస్తాడనగా, మధ్యాహ్నం సేఠ్ దాన్ని టీవీలో చూసి కేకలేశాడు. తెర నిండా పైనుంచి కిందికి అడ్డపట్టీలు. మా పనిలో పట్టీ అంటే పేకలు ఒకచోట కిక్కిరిసి, ఒకచోట వదులైనట్టు, అంటే నేసినవాడి అశ్రద్ధ. "ఆంఖే గయీ తో ఘర్ బైఠో, మాస్టర్" అన్నాడు సేఠ్ అందరి ముందూ, కళ్ళు పోతే ఇంట్లో కూర్చోమని. ఆ గుడ్డ నేసే పని రేపటినుంచి ఇంకో షెడ్డుకు పోతుందనీ అన్నాడు.

మామ గుడ్డను కిటికీ వెలుగుకు పట్టి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అందరికీ టీవీలో కనిపిస్తున్న పట్టీ ఆయనకు చేతిలోని గుడ్డ మీద కనిపించలేదు. మెట్ల మీద కూర్చుండిపోయాడు. "నిజంగనే కండ్లు పోయినయేమో అల్లుడా. జర నువ్వు జూడు" అన్నాడు. ఆయన గొంతు అలా పలకడం నేనెన్నడూ వినలేదు. ఐదు చోట్ల అద్దం పెట్టాను. ఐదు చోట్లా యాభై రెండే. అదే చెబితే సేఠ్, అంత ఖరీదైన టీవీ అబద్ధం చెబుతుందా అన్నాడు.

మూడు దాటింది. నాకేం తోచక, బొమ్మను కొంచెం పైకి జరపమని గుమాస్తాను అడిగాను. బట్ట పైకి కదిలింది. పట్టీలు కదలలేదు! నేతలో తప్పుంటే అది బట్టతోపాటే పోవాలి కదా. అద్దాన్ని టీవీకే ఆనించాను. "అబ్ టీవీ భీ బునేగా క్యా?" అని, టీవీ కూడా నేస్తావా అన్నట్టు గుమాస్తా ఎగతాళి చేశాడు. పట్టీకీ పట్టీకీ మధ్య చుక్కల వరుసలు లెక్కపెడితే ముప్పై రెండు. మళ్ళీ పెడితే మళ్ళీ ముప్పై రెండు. టీవీ వెనక కాగితం మీద దాని అసలు వరుసలు ఏడువందల అరవై ఎనిమిదని ఉంది. చీటీ వెనక వేసి చూశాను, గుమాస్తా పెట్టిన నంబరునూ దీన్నీ ఇరవై నాలుగుతో భాగిస్తే నలభై ఐదు, ముప్పై రెండు. అంటే ముప్పై రెండు సందులున్న మగ్గం ఫణిలో నలభై ఐదు పోగులు దూర్చినట్టు. దువ్వెనలాంటి ఆ ఫణిలో ఒక సందుకు ఒకటి, ఒక సందుకు రెండు పడితే పట్టీలు రాక ఏమొస్తాయి?

టీవీ అసలు నంబరే, ఆ చిన్నదే పెట్టించాను. తెర నల్లబడింది. పదిహేను క్షణాల్లో సరేననకపోతే కంప్యూటర్ పాత సెట్టింగుకే పోతుంది. అలాగే పోయింది, పట్టీలు తిరిగొచ్చాయి. కొత్త తీగలో ఆ నంబరు పోవడం లేదేమోనని, పక్క గదిలోంచి నీలం తల ఉన్న పాత కంప్యూటర్ తీగ పీక్కొచ్చి తగిలించేసరికి నాలుగుకు పది నిమిషాలు. మళ్ళీ చీకటి. నేను పైకే లెక్కపెడుతున్నాను. ఏడు, ఎనిమిది, తొమ్మిదికి బొమ్మ వచ్చింది. పట్టీల్లేవు, పేకకు పేక విడివిడిగా నిలబడింది. పదకొండుకు సరే నొక్కాను.

సేఠ్ తప్పయిందనలేదు. "మాస్టర్ కో చాయ్ పిలావో" అన్నాడంతే. వ్యాపారి వచ్చాక మాత్రం, పిక్కులు చూపించమని అద్దం మామ చేతికే ఇచ్చాడు. మామ వంగి, అద్దం ఆనించి, కాసేపాగి, "బావన్" అన్నాడు. యాభై రెండే, సరిగ్గా చెప్పాడు. పక్కనే నిలబడ్డ నాకొక్కడికే తెలిసింది, అంతసేపూ అద్దంలో ముల్లు కదలనే లేదు. తన మగ్గం ఎంత వేస్తుందో ఆయనకు తెలుసు, ఆ నంబరే చెప్పాడు. తప్పు ఆయన నేతది కాదు. కానీ కళ్ళ సంగతిలో సేఠ్ అన్నది నిజమే.

ఆ తర్వాత, మామ పని మానేదాకా, ఆయన మగ్గం బట్టను ఆయనకంటే ముందే చూసి, నంబరును నాలో నేను అనుకుంటున్నట్టు పైకి అనేవాణ్ణి. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు టీవీ ఎన్ని వరుసలదో కంప్యూటరే కనుక్కుని సర్దుకుంటుందట, మగ్గం కూడా పిక్కులను తానే తెర మీద చూపిస్తుంది. నా భూతద్దం బీరువా అరలో ఉంది. దాన్ని పట్టడం నేర్పమని అడిగేవాళ్ళు లేరు, అడగాల్సిన అవసరమూ లేదు. మనిషి పక్కన మనిషి నిలబడి ముల్లు కదిలిందా లేదా అని చూడాల్సిన పని పోయిందే అని ఈ నాలుగు రోజులూ దిగులు పడ్డాను.

నిన్న సాయంత్రం రిమోట్ నొక్కితే, టీవీలో అక్షరాలు మొన్నటికన్నా రెండింతలున్నాయి. అవి వాటంతటవే పెరగవు. అమ్మాయి వంటింట్లో ఉంది. నేను అడగలేదు.