రేకుల షెడ్డులో అర్జెంటీనా పాట

ముందు సంతోషమైన మాట చెప్తాను. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారుచేసే కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఈ సంగతి బస్సులో పక్క సీటు ఆవిడకు కూడా చెప్పేశాను. పాసైన రోజు నేను చేసిన పని మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మా నాయిన గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. ఆయన షిఫ్టులో బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు నలుగురున్నారు. వాళ్లకు అర్జెంటీనా ఫుట్‌బాల్ జట్టంటే ప్రాణం. ఎప్పుడో ఒక ప్రపంచ కప్పుకు ఆ జట్టు కోసం చేసిన అధికారిక పాట వాళ్ల ఫోన్లలో ఉంది. ఆ కప్పు అయిపోయి ఏళ్లు గడిచినా పాట పోలేదు. గేటు బయట, వాళ్లు అన్నం తినే రేకుల షెడ్డులో రోజూ మోగేది.

ఒకసారి నాయిన టీవీలో అర్జెంటీనా మ్యాచ్ మొదలవడం చూశాడు. ఆటగాళ్లు వరుసగా నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని పాడుతున్నారు. షెడ్డులో మోగేదీ అదేననీ, అది ఆ దేశపు జాతీయగీతమనీ ఆయనకు రూఢి అయిపోయింది. ఇక పాట వినపడితే చాలు, టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, హెల్మెట్ తీసి, నిటారుగా నిలబడేవాడు. ఆయన్ని చూసి షెడ్డంతా లేచేది. కొత్తగా చేరినవాళ్లు కూర్చునే ఉంటే భుజం తట్టేవాడట.

"లే తమ్మీ. ఎవల దేశమైతేంది? పాటకు ఇజ్జత్ ఇయ్యాలె."

రిజల్ట్ వచ్చిన రోజు మధ్యాహ్నం మిఠాయి డబ్బా పట్టుకుని నేరుగా ఆ షెడ్డుకే వెళ్లాను.

"నాయినా, పాసైన! ఫస్ట్ క్లాస్!"

"ఏందీ? జెర మల్లొక్కసారి చెప్పు, అందరు వినాలె!"

అందరూ చప్పట్లు కొట్టారు. బెంగాలీల్లో పెద్దాయన సంబరంగా ఫోన్ తీసి ఆ పాటే పెట్టాడు. నాయిన చేతిలో సగం కొరికిన లడ్డూతోనే లేచి నిలబడ్డాడు. మిగతావాళ్లూ లేచారు. నాకు నవ్వు ఆగలేదు.

"నాయినా, గిది జాతీయగీతం కాదు. ఫుట్‌బాల్ టీమ్ పాట. కప్పు టైంల జనం ఎగరనీకి చేసిండ్రు. ఇగో, సూడు."

నా ఫోన్‌లో వీడియో చూపించాను. రోడ్డు మీద చొక్కాలు విప్పి, బీరు సీసాలు ఊపుతూ జనం గంతులేస్తున్నారు.

లోడింగ్ పనివాడొకడు పడీపడీ నవ్వాడు. "ఏం కాకా! ఇన్నేండ్లు మమ్మల్ని బరాత్ పాటకు అటెన్షన్ల నిలబెట్టినవా?"

నాయిన వీడియో అయిపోయేదాకా చూశాడు. మెల్లగా కూర్చున్నాడు. "అట్లనా... మా బిడ్డ సదువుకుంది. ఆమెకు ఎర్కుంటది," అన్నాడు వాళ్లతో.

అప్పుడు నాకు గర్వంగానే అనిపించింది. అది తలుచుకుంటేనే ఇప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

సైరన్ మోగింది. నల్లా దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే ఆ బెంగాలీ పెద్దాయన పక్కకు వచ్చాడు. కోపమేమీ లేదు, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మాకు మొదటిరోజే తెలుసు దీదీ. అది మా టీమ్ పాట, మాకు తెల్వదా? చాచా అంత మంచిగ నిలబడ్డడు. ఎట్ల చెప్తం? మేం గూడ నిలబడ్డం."

తల ఊపి గేటు లోపలికి వెళ్లిపోయాడు. నేను నల్లా కట్టేయడం కూడా మరిచి అక్కడే ఉండిపోయాను. వాళ్లు ఇన్నేళ్లు ఆయన పరువు కాపాడారు. నేను ఒక్క వీడియోతో తీసేశాను. అదీ ఆయన నన్ను చూసి పొంగిపోతున్న రోజున.

సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"బిడ్డా, ఆ బెంగాలోళ్లకు ముందే ఎరుకనా? నన్ను జూసి లోపల్లోపల నవ్వుకున్నరా?"

"లేదు నాయినా. వాళ్లకు గూడ తెల్వదు. నేను చెప్తేనే తెల్సింది."

"నిజంగనా?"

"నిజంగ."

ఆయన ముఖం తేటపడింది. "గట్లనా! నేనింక ఏందో అని పరేషాన్ అయిన," అంటూ అన్నం పెట్టమని అమ్మను పిలిచాడు. నా మాట వెంటనే నమ్మాడు, చదువుకున్నదాన్ని కదా.