సెట్టింగుల మూట విప్పిన రోజు

మా విశ్రాంత ఉద్యోగుల సంఘం సభ్యుల పెన్షన్ కాగితాలు స్కాన్లుగా నా ఇంటి సర్వరులోకి చేరినప్పటి నుంచి సంఘం అధ్యక్షుడికి మనశ్శాంతి లేదు. ఆయన పదవీ విరమణ చేసిన హెడ్‌మాస్టరు, నాకన్నా చిన్నవాడు. "ఇవన్ని ఒక కంపెనీకి అప్పజెప్తే మనకు రంది ఉండదు గదక్కా" అని కనిపించినప్పుడల్లా అనేవాడు. ఉద్యోగమంతా రికార్డు గదిలో గడిపినదాన్ని నేను. బీరువా మనదై, తాళంచెవి పరాయివాడిదయ్యే ఏర్పాటు నాకు ఏనాడూ సమ్మతం కాదు.

సర్వరు అనేది పెద్ద పేరే గానీ, అది టిఫిన్ డబ్బా అంత పెట్టె. అందులో ఒక్కో ప్రోగ్రాము తన సరంజామాతో సహా ఒక్కో కంటెయినరులో ఉంటుంది. కంటెయినరు పోతే ఇంటర్నెట్ నుంచి మళ్లీ దింపుకోవచ్చు. దింపుకోలేనివి మనం చేసిన సెట్టింగులు: ఏ స్కాను ఎవరిది, ఎవరు దేన్ని తెరవవచ్చు అనే అమరిక. అది లేకపోతే మిగిలేది పేర్లు లేని బొమ్మల కుప్ప. అందుకే ప్రతి ఆదివారం కంటెయినర్లను ముందుగా ఆపి, ఆ సెట్టింగులను మూటగట్టి, స్కాన్లతో పాటు పెన్‌డ్రైవులలోకి ఎక్కించి, తేదీ రాసి సంతకం చేస్తాను. నడుస్తున్నదాన్ని కాపీ చేస్తే సగం రాసిన వాక్యాన్ని ఫైలు చేసినట్టే.

ఈసారి దసరాకు మా ఆయన స్కూటరుకు, కత్తిపీటకు, కుట్టుమిషనుకు పూజచేసి, అదే భక్తితో సర్వరుకు కూడా బొట్టు పెట్టాడు. అక్కడితో ఆగలేదు. మామిడాకుతో పసుపు నీళ్లు చల్లాడు. అవి సరిగ్గా గాలి కంతల్లోకి పోయాయి. పెట్టె ఒక్కసారి చిటపటమని ఆరిపోయింది.

"ఏం జేసినవ్?" అన్నాను.

"నాలుగు సుక్కలు జల్లిన. గంతే."

"కరెంటు నడుస్తుంటె నీళ్లు జల్లుతరా ఎవలన్న?"

"మిక్సీ మీద గూడ జల్లిన. అది మంచిగనే ఉన్నది. నీ డబ్బకే ఇంత నాజూకేంది?"

లోపలి డిస్కు కూడా పోయింది. అధ్యక్షుడు మరునాడే ఫోన్ చేశాడు. "ఇగ చాలక్కా. ఆదివారం కంపెనీ పిలగాడు వస్తుండు. అందరం సంతకాలు పెడదాం."

"పెడదాం. గని సంతకాలకు ముందు మీ అందరి ముంగట నేను అన్నిటిని మళ్ల నిలబెడత. నిలబెట్టకపోతే మొదటి సంతకం నాదే" అన్నాను.

ఆదివారం సంఘం గదిలో పాత లాప్‌టాప్ తెరిచాను. కంటెయినర్లు దింపాను, స్కాన్లు ఎక్కించాను, మూట విప్పాను, ప్రోగ్రామును లేపాను. పేజీ వచ్చింది. అందులో ఒక్క పేరూ లేదు. కంపెనీ అబ్బాయి మర్యాదగా కిటికీ వైపు చూశాడు.

"ఖాళీ కుండ లెక్కున్నది గదక్కా" అన్నాడు అధ్యక్షుడు.

మిరుదొడ్డి నుంచి వచ్చిన రిటైర్డ్ డ్రైవరు భాయ్, నన్ను ఉర్దూలో అక్కా అని పిలుస్తూ లేచి నిలబడ్డాడు. "ఆపా, నా పెన్షన్ కాగజ్ గూడ పోయిందా ఏంది?"

ప్రోగ్రాము తన ప్రతి పనినీ రాసుకునే చిట్టా, లాగ్‌ను పైనుంచి చదివాను. ఫైళ్లున్నాయి, తెరవడానికి అనుమతి లేదు అని అందులో స్పష్టంగా ఉంది. నేను ఎక్కించిన ఫైళ్లన్నీ లాప్‌టాప్ యజమాని పేరిట పడ్డాయి. కంటెయినరులోని ప్రోగ్రాము వేరే పేరుతో లోపలికి వస్తోంది.

"జాగ ఎటూ పోలేదు భాయ్. పట్టా వేరేటోళ్ల పేరు మీద పడ్డది. మార్పిడి జెయ్యాలె."

"మన ఊళ్లె గదే కష్టం ఆపా!" అన్నాడు. గదంతా నవ్వింది. ఒక్క ఆదేశంతో యాజమాన్యం మార్చి, ప్రోగ్రామును తిరిగి లేపాను. భాయ్ తన కాగితాన్ని తెరమీద చూసుకుని, వేలితో తాకి కూర్చున్నాడు.

"సరే, ఒప్పుకున్న. గని అక్కా, నువ్వు లేనినాడు?" అన్నాడు అధ్యక్షుడు.

 ప్రశ్న న్యాయమైనదే. దాన్ని అడ్డం పెట్టుకుని కాగితాలను ఊరు దాటించాలన్న ఆలోచనే నాకు ఒళ్లుమంట తెప్పించింది. అందరూ చూస్తుండగా, అప్పుడే నిలబెట్టినదంతా లాప్‌టాప్ నుంచి చెరిపేశాను.

"అయ్యో అక్కా! ఏం జేస్తున్నవ్?"

"మూట పెన్‌డ్రైవుల భద్రంగున్నది. పద్ధతి గీ కాగితం మీద వరుసగ రాసిన. ఇప్పుడు నువ్వు నిలబెట్టు."

"నేనా?"

"ఎంతమందికి ఎక్కాలు నేర్పలే నువ్వు? కూసో."

"పరీక్షలు పెట్టిన హెడ్‌మాస్టర్ సాబ్‌కే ఇయ్యాల ఇంతెహాన్!" అని భాయ్ కుర్చీ జరిపాడు.

ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టసాగాడు. రెండుసార్లు తప్పాడు. నేను చేయి వేయలేదు. చాయ్ వచ్చి చల్లారింది. చివరికి కంపెనీ అబ్బాయి తన కాగితాలు ముందుకు జరిపి, "సార్, సంతకాలు..." అన్నాడు.

అధ్యక్షుడు తెరమీది నుంచి తల ఎత్తలేదు. "జర ఆగు బిడ్డా. ఇంకొక్క లైనున్నది. అక్కా, గిది ఎంటర్ కొట్టాల్నా?"

"నీ రికార్డు, నువ్వే కొట్టు" అన్నాను.