శుద్ధి నీళ్లు

మాది బోధన్ దిక్కు చెరుకు చేన్ల నడుమ ఊరు. ఎండకాలం వాగు ఇసుకల చెలిమె తీసి, తేటనీళ్లు ముంచుకొని తాగినోళ్లం. ఎనభైలల్ల ఆ ఒడ్డుకే చెరుకు మడ్డి నుంచి స్పిరిట్ తీసే ఫ్యాక్టరీ వచ్చింది. మా బాపుకు అండ్ల వాచ్‌మన్ నౌకరి దొరికింది. సూస్తుండంగనే వాగు నల్లగైంది. బర్లు సుత మూతి పెట్టకపోతుండె. ఇగ కంపు సంగతి చెప్పొద్దు, అన్నం ముద్ద లోపటికి దిగేది కాదు.

ఊరోళ్లు పోయి అడిగితే, "అవి శుద్ధి చేసిన నీళ్లు" అన్నడట ఆఫీసరు. గేటు కాడ బోర్డు మీద గూడ గదే మాట, పక్కకు పచ్చటి చెట్టు బొమ్మ. మా ఇండ్లల్ల శుద్ధి అంటే పురుడైనంకనో సావైనంకనో ఇల్లు కడిగి పసుపునీళ్లు చల్లుడు.

"శుద్ధి చేసిండ్రా? ఎవలు సచ్చిండ్రని?" అన్నది మా అవ్వ.

బాపుకు పెండ్లాం మీద గుస్స వచ్చింది. "నోరు మూస్కో. ఆ ఫ్యాక్టరీనే మనకు బువ్వ పెడుతున్నది."

"బువ్వ పెట్టెటోడే నోట్ల మన్ను కొడ్తడా?"

ఇద్దరు చెప్పిందీ నిజమే. నాకు మంట గక్కడనే.

సద్దుల బతుకమ్మ వచ్చింది. ఈసారి బతుకమ్మలను బోరు కాడి సిమెంటు నీళ్ల హౌజ్‌ల ఏద్దామన్నరు ఆడోళ్లంత. అవ్వ ఒప్పుకోలే. "హౌజ్‌ల ఏస్తే తల్లి ఏడికి పోతది? ఆడనే కుళ్లుతది. నేను కాపురానికొచ్చిన కాడికెల్లి వాగులనే సాగనంపుతున్న" అన్నది. తంగేడు, గునుగు మోకాలెత్తు పేర్చి, నన్ను ఎంటవెట్టుకొని వాగుకు పోయింది.

నీళ్లల్ల ఇడిసి నూకింది. కదలలే. నురుగుల, జిడ్డుల అట్లనే నిలవడ్డది. మల్ల నూకితే ఒక దిక్కు ఒరిగింది. తెల్లటి గునుగు నల్లగైతుంటే అవ్వ తట్టుకోలేకపోయింది. చీర దోపుకొని దిగింది. "అవ్వా, వద్దే, కాళ్లు పొక్కుతయి" అని మొత్తుకున్న. ఇంటేనా!

సాగనంపిన బతుకమ్మను ఎవ్వలూ ఇంటికి మలిపి తేరు. అవ్వ తెచ్చింది. తాంబాళంల ఎత్తి నెత్తిన పెట్టుకుంటే, నల్లనీళ్లు మొఖం మీదికెల్లి కారుతున్నయి. సక్కగ ఫ్యాక్టరీ గేటు కాడికి పోయి బాపు ముందల నిలవడ్డది.

"వాగుల పోతలేదు. ఏడ సాగనంపాల్నో నువ్వే చెప్పు."

బాపు కుర్చీల నుంచి లేసిండు. బతుకమ్మను సూడలే, ఎనకకు ఆఫీసు దిక్కు సూసిండు. "ఇంటికి తీస్కపో. సారు సూస్తే బాగుండది" అన్నడు మెల్లగ.

అవ్వ అట్లనే ఇంటికి మర్లింది. ఇంటెనక పెరట్ల గుంత తవ్వి, పూలన్ని అండ్ల పెట్టి మన్ను కప్పింది. మర్సటేడు బతుకమ్మ నాటికి చేన్ల గట్ల మీద తంగేడు ఇరగవూసింది గని అవ్వ ఒక్క పువ్వు తెంపలే.